ఎఫ్‌ఎఫ్‌టీలో ఎన్‌తో భాగించేది ఎక్కడ?

ప్రశ్న: ఇంటి కరెంటును చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, సెకనుకు 1000 చొప్పున సరిగ్గా ఒక సెకను శాంపిళ్లు తీశాను. తగ్గిన నిష్పత్తితో తిరిగి హెచ్చించి నమ్‌పైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో తేల్చే లెక్క) చేస్తే, 50 హెర్ట్జ్ దగ్గర 230 వోల్టులకు బదులు 1,62,600 వచ్చింది. మా దోస్తు అదే డేటాను మాథమెటికా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వేస్తే 5,140 వచ్చింది. ఎవరిది తప్పు?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఇద్దరిదీ ఒప్పే. ఎఫ్‌ఎఫ్‌టీ ఇచ్చేది మొత్తం, సగటు కాదు. ముందుకు పోయి (శాంపిళ్ల నుంచి ఫ్రీక్వెన్సీలకు), వెనక్కి వచ్చేలోగా (మళ్లీ శాంపిళ్లకు) ఎక్కడో ఒకచోట శాంపిళ్ల సంఖ్యతో, అంటే ఎన్‌తో భాగించాలి. నమ్‌పై, మ్యాట్‌ల్యాబ్ ఆ పని వెనక్కి వచ్చేటప్పుడు చేస్తాయి. మాథమెటికా రెండు వైపులా ఎన్ వర్గమూలంతో భాగిస్తుంది. 1000కి అది 31.62.

మీ అంకెను 1000తో భాగిస్తే 162.6. దోస్తు అంకెను 31.62తో భాగించినా అంతే. ఇది సగమే, మిగతా సగం మైనస్ 50 హెర్ట్జ్ దగ్గర, అంటే 950వ స్థానంలో ఉంది. రెట్టింపు చేస్తే 325, అది పీక్, అంటే అల గరిష్ఠ విలువ. 1.414తో భాగిస్తే మీ 230 (ఆర్‌ఎంఎస్, అంటే మీటరు చూపే విలువ). సున్నా, 500 హెర్ట్జ్ స్థానాలకు జంట లేదు కాబట్టి వాటిని మాత్రం రెట్టింపు చేయకండి. డీసీ (సున్నా హెర్ట్జ్) విలువ రెట్టింపుగా కనబడిందంటే ఎక్కువసార్లు కారణం ఇదే.

శాంపిళ్లు 1024 ఉండి తీరాలని ఎవరైనా చెబితే వినకండి. అప్పుడు 50 హెర్ట్జ్ 51.2వ స్థానంలో పడుతుంది. అలాంటి స్థానం లేదు గనుక బలం పక్కవాటికి చెదిరి, పీక్ 304 దగ్గరే ఆగుతుంది. లైన్లో లో వోల్టేజీ అనుకుంటారు! హాన్ విండో (శాంపిళ్లను రెండు చివర్లా మెల్లగా సున్నాకు తగ్గించే గుణకాలు) వేస్తే 317 దాకా వస్తుంది. కానీ అప్పుడు భాగించాల్సింది ఎన్‌తో కాదు, విండో విలువల మొత్తంతో. అది ఎన్‌లో దాదాపు సగం. ఇది మరిచిపోతే జవాబు సగానికి పడిపోతుంది.

ప్రశ్న: పైథాన్ ప్రోగ్రాంను సీలోకి మార్చి ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే ఎఫ్‌ఎఫ్‌టీ లైబ్రరీ వాడాను. 512×512 ఫొటోను ముందుకు పంపి వెనక్కి తెస్తే అంతా తెల్లగా అయింది.
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ ఏ వైపూ భాగించదు. ప్రతి పిక్సెల్ 2,62,144 రెట్లయి 255 దాటిపోయింది. వెనక్కి వచ్చాక ఆ సంఖ్యతో ఒక్కసారి భాగించండి, చాలు. 512తో భాగించి ఊరుకుంటే ఇంకా తెల్లగానే ఉంటుంది.

కొత్త లైబ్రరీ ఏది చేతికొచ్చినా ముందు ఎనిమిది ఒకట్లు ఇచ్చి చూడండి. మొదటి ఫలితం 8 అయితే ముందువైపు భాగింపు లేదు, 1 అయితే ఉంది, 2.828 అయితే వర్గమూలం పద్ధతి. దాన్నే వెనక్కి పంపితే మళ్లీ ఒకట్లే రావాలి; 8లు వస్తే ఆ భాగింపు మీ పని. మామూలు డీసీటీ (కొసైన్‌లతో చేసే ఇలాంటి లెక్క, టైప్ 2) వాడి వెనక్కి వస్తే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూలో భాగించాల్సింది ఎన్‌తో కాదు, 2ఎన్‌తో అని గుర్తుంచుకోండి; ఫొటో అయితే అడ్డానికోసారి, నిలువుకోసారి.