నాలుగేళ్ల పాప, రెండున్నరేళ్ల బాబుతో డిస్నీ వరల్డ్: నాలుగు పార్కులూ చూడాలా?

పార్క్ హాపర్ టికెట్ (ఒకే రోజు ఒకటి కన్నా ఎక్కువ పార్కుల్లోకి వెళ్లనిచ్చేది) కొనకండి. మీరు అడిగినవాటిలో ముందు తేల్చుకోవాల్సింది అదే. డాలస్ నుంచి జనవరి చివరి వారంలో ఆర్లండో వెళ్దామనుకుంటున్నామని, పాపకి నాలుగేళ్లని, బాబుకి మార్చిలో మూడు నిండుతాయని, రాజమండ్రి నుంచి వచ్చిన మీ అత్తగారు, మామగారు కూడా మీతో వస్తారని రాశారు. నాలుగు రోజుల్లో నాలుగు పార్కులూ చూడగలమా, డిస్నీ హోటల్ మేలా లేక దగ్గర్లోని కిసిమీ ఊళ్లో వంటిల్లున్న అద్దె ఇల్లు మేలా, ఇంత చిన్నపిల్లలకి ఇంత ఖర్చు దండగ కాదా అని మీ సందేహాలు. మేం అట్లాంటా దగ్గర ఉంటాం. పిల్లలు డయాపర్లలో ఉన్నప్పటి నుంచీ ఆర్లండో వెళ్తున్నాం, మా అమ్మానాన్నల్ని, అత్తగారిని తీసుకుని కూడా వెళ్లాం.

డిస్నీ వరల్డ్ అంటే ఒక్క పార్కు కాదు, సుమారు 40 చదరపు మైళ్ల మేర పరుచుకున్న ఒక ఊరు. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది. తర్వాత 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి బస్సో మోనోరైలో ఎక్కి వెళ్లాలి, బస్సైతే స్ట్రోలర్ మడవాలి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. పెద్దవాళ్లకే విసుగొచ్చే పని. మీ పిల్లల వయసుకి రెండు పార్కులు చాలు, మ్యాజిక్ కింగ్‌డమ్, యానిమల్ కింగ్‌డమ్. హాలీవుడ్ స్టూడియోస్‌లో పేరున్న రైడ్లలో చాలావాటికి ఎత్తు పరిమితి ఉంది, మీ బాబు బయటే ఉండిపోతాడు. ఎప్‌కాట్ అందమైన చోటే కానీ నడక ఎక్కువ. పెద్దవాళ్లకీ, చిన్నవాళ్లకీ ఒకేసారి కాళ్లు నొప్పులు పుడతాయి.

నేనైతే ఇలా చేస్తాను. మొదటి రోజు మ్యాజిక్ కింగ్‌డమ్, రెండో రోజు యానిమల్ కింగ్‌డమ్, మూడో రోజు ఏ పార్కూ లేకుండా హోటల్లో స్విమ్మింగ్ పూల్, నాలుగో రోజు మళ్లీ మ్యాజిక్ కింగ్‌డమ్. అంటే మూడు రోజుల మామూలు టికెట్టే. చూసిందే మళ్లీ ఎందుకు అని ఇంట్లో ఎవరైనా అడుగుతారు. ఈ వయసు పిల్లలకి కొత్త రైడ్ కన్నా ఎక్కిన రైడే మళ్లీ ఎక్కడం ఇష్టం. మొదటి రోజు భయపడి అమ్మ కొంగు వదలని పిల్ల, రెండోసారి అదే డంబో ఏనుగుని చూసి తనే ముందు పరిగెడుతుంది. ఆ రెండో వెళ్లడంలోనే అసలు ఆనందం ఉంటుంది, దాన్ని ఇంకో పార్కు కోసం వదులుకోవద్దు.

ఇక టైమ్ సంగతి. మీ బాబు ఇంట్లో ఎన్నింటికి లేస్తాడు, ఎన్నింటికి తింటాడు, మధ్యాహ్నం ఎన్నింటికి పడుకుంటాడు, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. ప్లాన్ అంతా దాని చుట్టూనే కట్టాలి, రైడ్ల లిస్టు తర్వాత. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. డాలస్ కన్నా ఆర్లండో గంట ముందుంటుంది. అక్కడ ఉదయం ఎనిమిది అంటే మీ పిల్లల ఒంటికి ఏడే. ఇంట్లో ఒంటిగంటకి పడుకునే పిల్లాడికి అక్కడ రెండింటికి నిద్ర వస్తుంది. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లని ప్రస్తుతం ప్రతి పార్కులోకీ, ప్రతి రోజూ, అరగంట ముందే రానిస్తున్నారు. ఆ అరగంటనీ, తర్వాత రెండు మూడు గంటలనీ వాడుకోండి. క్యూలు తక్కువగా ఉండేది అప్పుడే. పన్నెండున్నరకి అన్నం పెట్టి, ఒంటిగంటకల్లా గేటు బయట ఉండండి. గదిలో ఏసీ వేసి, కర్టెన్లు మూసి పడుకోబెట్టండి. సాయంత్రం ఐదింటికి ఓపిక ఉంటే మళ్లీ రండి, లేకపోతే లేదు. స్ట్రోలర్లోనే పడుకుంటాడులే అనుకుంటారు చాలామంది. కొందరు పిల్లలు పడుకుంటారు కూడా. కానీ బ్యాండ్ మేళాలు, లైట్లు, జనం మధ్య ముప్పావు గంట కునుకు వేరు, మంచం మీద రెండు గంటల నిద్ర వేరు. సాయంత్రం ఏడింటికి పార్కు నడిమధ్య పడి ఏడ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆ కునుకుతో సరిపెట్టుకున్నవాళ్లే.

దీన్నిబట్టే హోటలా ఇల్లా అన్నది తేలుతుంది. కిసిమీ, డావెన్‌పోర్ట్ వైపు అద్దె ఇళ్లు విశాలంగా ఉంటాయి, కుక్కర్ పెట్టుకోవచ్చు, అత్తగారు వాళ్లకి వేరే గది ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా అక్కడే దిగుతారు. కానీ మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే కారు పెట్టేది పార్కు గేటు దగ్గర కాదు. పార్కింగ్ దగ్గరున్న ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ నుంచి మోనోరైల్ గానీ ఫెర్రీ గానీ ఎక్కి సరస్సు దాటాలి. నిద్రొచ్చిన పిల్లాడితో ఆ దారంతా వెనక్కి వచ్చి, కారు వెతుక్కుని, ఇల్లు చేరేసరికి వాడు కార్ సీట్లో ఇరవై నిమిషాలు పడుకుని లేచేస్తాడు, ఇక మంచం ఎక్కడు. డిస్నీ హోటల్ బస్సులైతే మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దగ్గరే దింపుతాయి, అక్కడే ఎక్కించుకుంటాయి.

మీరు ఆరుగురు కాబట్టి ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఫ్యామిలీ సూట్ చూడండి. ఆరుగురికి పడకలుంటాయి, రెండు బాత్‌రూములు, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి. ఉదయం ఏడింటికి ఆరుగురు తయారవ్వాలంటే రెండో బాత్‌రూమ్ ఎంత అవసరమో మీకు చెప్పక్కర్లేదు. ఆల్ స్టార్ మ్యూజిక్‌లో కూడా ఇలాంటి సూట్లు ఉన్నాయి. మైక్రోవేవ్ అన్నం ప్యాకెట్లు, పెరుగు డబ్బా, ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పుపొడి, పచ్చళ్లు ఉంటే పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు.

పార్కులోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు మాత్రం వద్దంటారు, పసిపిల్లల తిండి సీసాలకి మినహాయింపు ఉంది. పులిహోర, చపాతీ, పెరుగన్నం బాక్సుల్లో సర్దుకుని వెళ్లండి. నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్ అని ఉంటుంది. ఈ ప్రయాణం మొత్తంలో మీకు అన్నిటికన్నా పనికొచ్చే చోటు అదే. డయాపర్ మార్చే బల్లలు, పాలిచ్చే గది, హై చెయిర్లు, తిండి వెచ్చబెట్టుకోవడానికి మైక్రోవేవ్, కుళాయి, అన్నీ ఉచితం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కన ఉంటుంది. లోపలికి వెళ్లగానే బయటి గోల తగ్గిపోతుంది. హడావుడికి బెదిరిన పిల్లల్ని ఓ పావుగంట అక్కడ కూర్చోబెడితే వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. తప్పిపోయిన పిల్లల్ని కూడా అక్కడికే తీసుకొస్తారు. ఈ సంగతి మీ అత్తగారికీ, మామగారికీ ముందే చెప్పి, ఆ చోటు చూపించండి. పిల్లల చొక్కా లోపలివైపు మీ ఫోన్ నంబరు రాయండి. రోజూ బయల్దేరే ముందు, ఆ రోజు వేసిన బట్టలతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

స్ట్రోలర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు దాటితే రానివ్వరు. పిల్లల్ని కూర్చోబెట్టి లాగే వ్యాగన్లని 2019 నుంచి నిషేధించారు. పార్కులో అద్దెకిచ్చే స్ట్రోలర్లు గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు, పార్కు బయటికి తీసుకురావడానికి ఉండదు. కాబట్టి మీది మీరు తెచ్చుకోండి. బస్సుల్లో మడవాల్సిందే కనుక ఒక చేత్తో మడవగలిగేది అయితే మంచిది, ఇంకో చేతిలో నిద్రపోతున్న పిల్లాడు ఉంటాడు. నాలుగేళ్ల పాప నడుస్తుందిలే అనుకోవద్దు. ఇంట్లో ఎప్పుడో స్ట్రోలర్ మానేసిన పిల్లలు కూడా ఇక్కడ మధ్యాహ్నానికి ఎత్తుకోమంటారు. ఇద్దరికీ సీటు ఉండాలి. రైడ్ బయట పెట్టిన స్ట్రోలర్లని సిబ్బంది సర్దుతూ జరుపుతుంటారు, తిరిగొచ్చేసరికి మీది పెట్టినచోట ఉండకపోవచ్చు. హ్యాండిల్‌కి పాత చున్నీ ముక్క, ఏదైనా మెరిసే రంగుది, కట్టండి. వందల నల్ల స్ట్రోలర్ల మధ్య మీది దూరం నుంచే కనబడుతుంది.

బయల్దేరే ముందు పాపనీ, బాబునీ గోడకి నిలబెట్టి ఎత్తు కొలవండి. మ్యాజిక్ కింగ్‌డమ్ రోలర్ కోస్టర్లలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాలు, బార్న్‌స్టార్మర్‌కి 35, స్పేస్ మౌంటెన్‌కి 44 ఉండాలి. అర అంగుళం తక్కువైనా ఎక్కించరు, పాప ఎంత ఏడ్చినా ఒప్పుకోరు, అది వాళ్ల భద్రత కోసమే. ఎక్కలేని రైడ్ల పేర్లు ఇంట్లో అసలు ఎత్తకండి. ఎత్తుతో పని లేనివి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కావాల్సినన్ని ఉన్నాయి. డంబో, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ పడవ, పీటర్ పాన్, 1917లో తయారైన గుర్రాల కారొసెల్ (వందేళ్లు దాటిన ఆ చెక్క గుర్రాల్ని దగ్గరగా చూడండి, నాకు ఎప్పుడూ తనివి తీరదు). వీటిలో పీటర్ పాన్‌కి క్యూ తొందరగా పెరిగిపోతుంది, పొద్దున్నే ముందుగా అక్కడికి వెళ్లండి. మీరిద్దరూ పెద్ద రైడ్ ఎక్కాలనుకుంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు బాబుతో బయట ఉంటారు, తర్వాత రెండోవాళ్లు పెద్ద క్యూ లేకుండా ఎక్కుతారు. దానికి అదనంగా డబ్బేమీ కట్టక్కర్లేదు. లైట్నింగ్ లేన్ (డబ్బు కట్టి వెళ్లే చిన్న క్యూ) మీ పిల్లల వయసుకి మొదటి రోజు వద్దు. పొద్దున్నే వెళ్తే దాని అవసరం పెద్దగా రాదు.

భయాల విషయం తేలిగ్గా తీసుకోకండి. టీవీలో కనబడే మిక్కీ ఒక జానెడు, ఎదురుగా నిలబడ్డ మిక్కీ మనిషంత. చాలామంది పిల్లలు దగ్గరికి రాగానే ఏడుస్తారు. ఫొటో కోసం బలవంతంగా ముందుకి తోయొద్దు, దూరం నుంచి చెయ్యి ఊపనివ్వండి. చీకటి రైడ్ల వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి, ముందే ఇద్దరితో కూర్చుని చూడండి. బాణాసంచా చప్పుడుకి చెవులకి పెట్టే మఫ్స్ తీసుకెళ్లండి. మీ బాబుకి టాయిలెట్ అలవాటు చేస్తూ ఉంటే ఇంకో మాట. అక్కడి టాయిలెట్లు చాలావరకు వాటంతటవే ఫ్లష్ అవుతాయి, పిల్లాడు కూర్చుని ఉండగానే భళ్లుమంటాయి. బ్యాగులో అంటించుకునే చిన్న కాగితాలు పెట్టుకోండి. సెన్సర్ మీద ఒకటి అంటిస్తే లేచేదాకా చప్పుడు ఉండదు.

పెద్దవాళ్ల కోసం యానిమల్ కింగ్‌డమ్ పొద్దున పూట చాలా బాగుంటుంది. కిలిమంజారో సఫారీలో జిరాఫీలు, ఏనుగులు, సింహాలు ఉన్న మైదానంలో ట్రక్కు మీద తిప్పుతారు. పిల్లలు ఎంత సంబరపడతారో తాతయ్యలు అంతే సంబరపడతారు. కుదుపులు ఎక్కువ, మీ అత్తగారికి నడుము నొప్పి ఉంటే ఆలోచించండి. నడవగలమని అన్నా వీల్‌చెయిర్ అద్దెకి తీసుకోండి. కనీసం మధ్యాహ్నం దాకా నెట్టుకుంటూ తిరగొచ్చు. మన పెద్దవాళ్లు కాళ్లు నొప్పులని నోరు తెరిచి చెప్పరు, రాత్రి గదిలో మౌనంగా ఆయింట్‌మెంట్ రాసుకుంటారు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో నెమ్మదిగా తిరిగే పీపుల్ మూవర్ బండి వాళ్లకి హాయిగా ఉంటుంది, కానీ కదులుతున్న బెల్టు మీంచి ఎక్కాలి, చెయ్యి పట్టుకోండి. పార్కు లేని మూడో రోజు యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా రెస్టారెంట్‌కి వెళ్లండి. నాన్, దాంతో రకరకాల చట్నీలు పెడతారు, మామగారు శాకాహారులైనా కడుపు నిండుతుంది. కిటికీలోంచి జీబ్రాలు, జిరాఫీలు కనబడతాయి. పార్కు టికెట్ అక్కర్లేదు.

ఖర్చు దండగా అన్నారు. బాబుకి మూడు నిండకముందు పార్కు టికెట్ ఉచితం, బఫేల్లోనూ డబ్బు తీసుకోరు. కానీ ఆ కారణం ఒక్కదానికోసం పరిగెత్తకండి. విమానంలో రెండేళ్లు దాటితే సీటు కొనాల్సిందే, హోటల్, తిండి అన్నీ ఉన్నాయి. ఒక్క టికెట్ మిగిలితే అందులో ఎంత తగ్గుతుంది? మీరిద్దరే పిల్లలతో వెళ్తుంటే ఇంకో రెండేళ్లు ఆగమనేదాన్ని. మీ అత్తగారు, మామగారు ఇప్పుడు ఇక్కడున్నారు, నాలుగేళ్ల పాప వాళ్ల చెయ్యి పట్టుకుని తిరిగే వయసులో ఉంది. వచ్చే ఏడాది వాళ్లకి ఓపిక, వీసా, ప్రయాణం అన్నీ కుదురుతాయని ఎవరం చెప్పగలం? అందుకే వెళ్లమంటున్నాను. బాబుకి గుర్తుండదన్నది నిజమే. మా చిన్నోడికీ మొదటి ట్రిప్పు గుర్తులేదు. సఫారీలో ఏనుగు కనబడ్డప్పుడు వాడు మా నాన్న గడ్డం పట్టుకుని అటు తిప్పిన సంగతి మా నాన్నకి గుర్తుంది, ఇప్పటికీ ఫోన్లో చెప్తూ ఉంటారు.

జనవరి చివర్లో పొద్దున్నే చలిగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. విప్పి బ్యాగులో పెట్టుకోగలిగే స్వెటర్లు వేయండి, పెద్దవాళ్లకి మఫ్లర్ మర్చిపోకండి. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారంలోకి మాత్రం జరపొద్దు, బాగా జనం ఉంటారు. కూర్చుని తినే రెస్టారెంట్ల బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, అంటే మీకు నవంబరు చివర్లో. సనా, యానిమల్ కింగ్‌డమ్‌లో మిక్కీ బల్ల దగ్గరికి వచ్చే టస్కర్ హౌస్, ఈ రెండూ ఆ రోజు పొద్దున్నే చేసేయండి. బుకింగ్‌లో బాబుని కూడా లెక్క వేసి ఆరుగురికి అని పెట్టండి.