చేతులెత్తించకు, పిక్కలేయించు

ఆమదాలవలస

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. పిండిమర తీర్మానానికి సంఘంలో 12 మందీ చేతులెత్తారనీ, వాటా డబ్బు దగ్గరకొచ్చేసరికి ముగ్గురు మొహం చాటేశారనీ రాశావు. వాళ్లు మాట తప్పారనుకోకు, అసలు వాళ్ల మాట ఎవరూ అడగలేదు. లీడరు "మర కొందాం, ఏటంటారు?" అన్నాక ఎత్తిన చెయ్యి మర కోసం కాదు, లీడరుతో పేచీ ఎందుకని ఎత్తింది.

1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే కొలిచి చూపించాడు. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దానికి సమానమైనదేదని అడిగాడు. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ ముందు మాట్లాడేవాళ్లంతా ఆయన పెట్టుకున్న మనుషులే, కావాలని ఒకే తప్పు చెప్పారు. అసలు మనిషి వంతొచ్చేసరికి ఇంచుమించు మూడు జవాబుల్లో ఒకటి ఆ తప్పువైపే పోయింది. అంత ఒత్తిడికి పదిమంది అక్కర్లేదు, ముగ్గురు ఏకమైతే చాలు. అదే, ఒక్కరు తోడు నిలిచి ఉన్నదున్నట్టు చెబితే తప్పులు నాలుగో వంతుకు దిగిపోయాయి. జవాబు పైకి చెప్పకుండా రాయమన్నా బాగా తగ్గాయి.

అందుకే ఈసారి మాటలకంటే ముందే ఓటు పెట్టు. రాయడం రానివాళ్లుంటారు గనక పిక్కలే మేలు. మనిషికి ఒక చింతపిక్క, ఒక ఆముదం పిక్క ఇవ్వు. చింతపిక్కయితే ఔను, ఆముదమయితే కాదు. జీడిపిక్కలు వద్దు, గుప్పిట్లో ఉబ్బెత్తుగా తెలిసిపోతాయి. స్టీలు గిన్నె కూడా పెట్టకు, టంగుమంటే అందరి చెవులూ అటే. రెండు గుడ్డసంచులు గదిలో తలుపు చాటున పెట్టి ఒక్కొక్కరినే పంపు. ఒకటి ఓటు పిక్కకి, రెండోది మిగిలిన పిక్కకి. ఈ రెండో సంచినే చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే చేతిలో మిగిలిన పిక్కే గుట్టు విప్పేస్తుంది. అయ్యాక ఒక్కో సంచిలో 12 ఉన్నాయో లేదో అందరి ముందూ లెక్కపెట్టు.

తరవాతే మాటలు. లీడరు ఆఖర్న మాట్లాడాలి. ఆ సంగతి ముందురోజే ఇంటికెళ్లి చెప్పు, పదిమందిలో చెబితే చిన్నబుచ్చుకుంటుంది. లెక్క ఏడు, ఐదు అని తేలితే "ఎవరు వద్దన్నారు?" అని మాత్రం అడగకు. "వద్దనడానికి కారణాలేటుండొచ్చు?" అని వరసగా అందరినీ అడుగు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, బెల్టు తెగితే ఎవరు చూడాలి, అసలు సందేహాలన్నీ అప్పుడే బయటికొస్తాయి.

ఇక సంఘంలో మీ పాతవీధి, కొత్తవీధి వాళ్లకి పడట్లేదన్న సంగతి. దానికి పాత పగే ఉండక్కర్లేదు. 1971లో ప్రచురించిన ప్రయోగాల్లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ ఇంగ్లండులో బడిపిల్లల్ని ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చినవాళ్లు మీరు, ఇంకొకాయనవి నచ్చినవాళ్లు వాళ్లు అని రెండుగా చీల్చాడు. నిజానికి ఆ చీల్చడం చీటీలేసినట్టే. ఆ పేరు చాలు, డబ్బు పంచమంటే పిల్లలు తమవాళ్ల వైపే మొగ్గారు. కాబట్టి తీర్మానాల పుస్తకంలో వీధి పేర్లు రాయకు, చాపలు వీధివారీగా పరవకు.

కలిపి భోజనాలు పెడితే సరిపోతుందని ఎవరో ఒకరు అంటారు. 1954లో అమెరికాలోని ఓక్లహామాలో ముజాఫర్ షెరీఫ్ అనే ఇంకో పరిశోధకుడు 22 మంది అబ్బాయిల్ని రెండు జట్లు చేసి బహుమతుల కోసం పోటీ పెడితే పగ పుట్టింది. ఒకేచోట తిండి పెడితే అదే విసురుకున్నారు. నీళ్లు ఆగిపోయినప్పుడు, లారీ మొరాయించినప్పుడు ఏ జట్టుకీ ఒంటరిగా సాధ్యంకాక చేతులు కలిపారు. పోటీలో లాగిన తాడుతోనే లారీని లాగారు. కాబట్టి బ్యాంకుకి వీధికొకరు చొప్పున ఇద్దర్ని పంపు, ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు వచ్చేలా తీర్మానించు. ఏ వీధి ముందు కడితే దానికి బహుమతి లాంటివి మాత్రం పెట్టకు, చేసిందంతా పాడవుతుంది.

ఇంకోటి, "ఇష్టమేనా?" అన్న ప్రశ్నే దండగ. చైనావాళ్లంటే అమెరికాలో చిన్నచూపున్న రోజుల్లో లాపియర్ అనే ఆయన ఒక చైనా జంటతో ఆ దేశమంతా తిరిగి 251 హోటళ్లు, విడిదుల్లో బసో భోజనమో అడిగితే ఒక్కచోటే కాదన్నారు. తరవాత ఉత్తరం రాసి అడిగితే, బదులిచ్చినవాళ్లలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చైనావాళ్లని రానిచ్చేది లేదన్నారు. 1934లో ఇది అచ్చయింది. మాట ఒకటి, చేత ఇంకొకటి. కనక పుస్తకంలో "అందరూ అంగీకరించారు" అని కాకుండా, ఒక్కొక్కరి పేరు, 200 రూపాయలు, ఫలానా తేదీ, ఎవరి చేతికి ఇవ్వాలి అని రాసి సంతకమో వేలిముద్రో పెట్టించు. బరువనిపిస్తే ముందు 50 కట్టించు. చిన్నది కట్టినవాళ్లకి పెద్దది కట్టడం తేలికవుతుంది.

నెలాఖర్న "ముగ్గురు కట్టలేదు" అని చదవకు, కట్టకపోయినా పరవాలేదని మిగతావాళ్లకి తోస్తుంది. "12లో తొమ్మిదిమంది కట్టారు" అని చదివి, మిగిలినవాళ్లతో విడిగా మాట్లాడు.

అన్నట్టు, ఆముదం పిక్కలు మీటింగయిన వెంటనే లెక్కపెట్టి పైన దాచెయ్. విషం అవి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.

మీ పెద్దమ్మ