ఆల్జీబ్రా 1 కోసం పిల్లను ప్రైవేటు స్కూలుకు మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మాయి కాలిఫోర్నియాలో పబ్లిక్ (ప్రభుత్వ) స్కూల్లో ఆరో తరగతి. అక్కడ ఆల్జీబ్రా 1 తొమ్మిదిలో అంటున్నారు, దగ్గర్లోని ప్రైవేటు స్కూలు ఏడులోనే చెప్తామంటోంది. మార్చేయాలా?

ఒక్క ఆల్జీబ్రా కోసమే అయితే మార్చకండి. లెక్కలు బాగా వచ్చే పిల్లకు సరైన సమయం ఎనిమిదో తరగతి. అది పబ్లిక్ స్కూల్లో దొరుకుతుందా అన్నదే ముందు తేల్చుకోవాలి.

మన తల్లిదండ్రుల కంగారుకు సగం కారణం ఆ పేరే. మన దగ్గర బీజగణితం ఆరో తరగతిలో మొదలై, పదో తరగతి దాకా రేఖాగణితంతో కలిసి కొంచెం కొంచెంగా నడుస్తుంది. అమెరికాలో ఆల్జీబ్రా 1 అంటే ఏడాది పొడవునా ఒకటే కోర్సు. అంటే తొమ్మిది దాకా ఎక్స్, వై ముట్టుకోరని కాదు. కాలిఫోర్నియా ఎనిమిదో తరగతి మామూలు సిలబస్‌లోనే సరళరేఖ వాలు, ప్రమేయాలు, రెండు చలరాశుల సమీకరణాల జతలు ఉన్నాయి.

అయినా ఎనిమిదే ఎందుకంటే, వరుస అలా ఉంది: ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్, ఆ తర్వాతే కాలిక్యులస్. తొమ్మిదిలో మొదలుపెడితే పన్నెండుకి ప్రీకాలిక్యులస్ దగ్గరే ఆగుతుంది. ఎనిమిదిలో మొదలైతే పన్నెండులో కాలిక్యులస్ అందుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో సమానత్వం పేరుతో పబ్లిక్ స్కూళ్ళ ఎనిమిదో తరగతి నుంచి ఆల్జీబ్రా 1 తీసేస్తే తల్లిదండ్రులు పదేళ్ళు పోరాడింది అందుకే. 2024 మార్చిలో దాన్ని తిరిగి పెట్టమని నగర ఓటర్లలో 80 శాతానికి పైగా ఓటేశారు. డబ్బున్నవాళ్ళు ప్రైవేటుకో, వేసవి కోర్సుకో పోయారు, లేనివాళ్ళ పిల్లలే ఆగిపోయారు. దాన్ని సమానత్వం అని పిలవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అలాగని అందర్నీ తోసేయడమూ తప్పే. నార్త్ కరోలినాలో షార్లెట్ స్కూలు జిల్లా (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్ళను నడిపే సంస్థ) 2000ల మొదట్లో సగటు పిల్లల్ని కూడా ఎనిమిదిలోనే ఆల్జీబ్రాలో కూర్చోబెట్టింది. వాళ్ళ మార్కులు పడిపోయాయి, ఆ దెబ్బ తర్వాతి కోర్సుల దాకా వెళ్ళింది.

కాబట్టి స్కూలు సంగతి తర్వాత, ముందు పిల్లను చూడండి. మంచి మార్కులున్నాయి అంటే సరిపోదు. ఇంట్లో తెల్లకాగితం మీద ఇది ఇవ్వండి, కాలిక్యులేటర్ వద్దు:

3 − 2(ఎక్స్ − 4) = 5

జవాబు 3. కానీ తప్పు జవాబే మీకు ఎక్కువ చెప్తుంది. మైనస్ 5 వచ్చిందంటే, మైనస్ 2తో లోపలి మైనస్ 4ని గుణించినప్పుడు ప్లస్ 8 రావాలన్నది తప్పి మైనస్ 8 వేసింది. అది రుణసంఖ్యల లోపం, నెల రోజులు రోజుకు పది లెక్కలు చేయిస్తే పోతుంది. అదే 9 వచ్చిందంటే, ముందు 3లోంచి 2 తీసేసి, ఎక్స్ − 4 = 5 అనుకుంది. ఇది పెద్ద లోపం. బ్రాకెట్ పక్కనున్న 2 గుణకారమన్న ఎరుక ఇంకా రాలేదు. ఏ జవాబు వచ్చినా, దాన్ని మళ్ళీ సమీకరణంలో వేసి సరిచూసుకుంటుందేమో గమనించండి. ఎవరూ చెప్పకుండా సరిచూసుకునే పిల్ల సిద్ధంగా ఉన్నట్టే.

రెండోది భిన్నాలు. 2/3ని 4/5తో భాగించమనండి, 5/6 రావాలి. తిరగేసి గుణించడం అందరికీ వస్తుంది, ఎందుకు తిరగేశావంటే చెప్పగలగాలి. 2008లో అమెరికా జాతీయ గణిత సలహా సంఘం కూడా ఆల్జీబ్రాకు పునాదిగా భిన్నాలనే ఎత్తి చూపింది. మూడోది, (−2, 5), (4, −7) బిందువుల మధ్య వాలు. మైనస్ 2 రావాలి. మైనస్ 6 అంటే 4 − (−2)ని 2 చేసేసింది, మళ్ళీ రుణసంఖ్యలే. ఈ మూడూ తడబడకుండా వస్తేనే ముందుకు పంపండి.

ఇక పబ్లిక్ స్కూల్లో దారి ఎనిమిదిలో తెరుచుకోదు, ఆరు, ఏడుల్లోనే తెరుచుకుంటుంది. ఎనిమిదిలో ఆల్జీబ్రా చెప్పే జిల్లాలు మూడేళ్ళ సిలబస్‌ని రెండేళ్ళకు కుదించిన సెక్షన్లు నడుపుతాయి. మీ జిల్లాలో అది ఉందా, అందులో చేరే పరీక్ష ఏ నెలలో, తప్పితే మళ్ళీ రాయనిస్తారా అని కౌన్సెలర్‌కు ఈమెయిల్ పెట్టండి, ఫోన్లో అడిగి వదిలేయకండి. టెక్సస్‌లో 2023 చట్టం ప్రకారం ఐదో తరగతి రాష్ట్ర పరీక్షలో పై 40 శాతంలో వచ్చినవాళ్ళని ఆరులో అడ్వాన్స్‌డ్ లెక్కల్లో స్కూలు వాళ్ళే వేయాలి, వద్దంటే తల్లిదండ్రులే చెప్పాలి. కాలిఫోర్నియాలో అలా లేదు, అడిగినవాళ్ళకే దొరుకుతుంది.

అసలు దొరకకపోయినా దారి ఉంది. తొమ్మిదిలో ఆల్జీబ్రా 1 చేసి, పదిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 రెండూ కలిపి తీసుకుంటే పన్నెండులో కాలిక్యులస్ చేరుతుంది. ఆ రెండూ ఆధారపడేది ప్రధానంగా ఆల్జీబ్రా 1 మీదే కాబట్టి కలిపి చదవొచ్చు.

వాట్సాప్ గ్రూపుల్లో వినిపించే ఆరు వారాల వేసవి ఆల్జీబ్రా 1 మాత్రం నేను ఎవరికీ చెప్పను. రోజుకు నాలుగు గంటలు, వారానికి ఐదు రోజులైతే 120 గంటలు. గంటల లెక్క చూస్తే స్కూలు ఏడాదికి పెద్ద తక్కువేం కాదు. కానీ స్కూల్లో 180 రోజులు, ఇక్కడ 30. కారణాంకాల విభజన అబ్బేది నిన్న తప్పిన లెక్క ఇవాళ మళ్ళీ చేస్తేనే. అది అబ్బలేదని తెలిసేది ఆల్జీబ్రా 2లో, ఆల్జీబ్రాయిక్ భిన్నాలు వచ్చినప్పుడు.

ప్రైవేటుకే వెళ్తే మూడు కాగితాలు అడగండి: సిలబస్, పాఠ్యపుస్తకంలో ఏడాది చివరికి చేరే పేజీ, చివరి పరీక్ష ప్రశ్నపత్రం. ఏడో తరగతి ఆల్జీబ్రా అని చెప్పి సమీకరణాల జతల దగ్గరే ఆపేసే స్కూళ్ళుంటాయి. వర్గసమీకరణాలు, ఘాత ప్రమేయాలు రాకపోతే అది పూర్తి ఆల్జీబ్రా 1 కాదు. తొమ్మిదిలో తిరిగి పబ్లిక్‌కి వచ్చినప్పుడు మళ్ళీ అదే కోర్సులో కూర్చోబెడితే, 2015 నాటి కాలిఫోర్నియా గణిత ప్లేస్‌మెంట్ చట్టం (పిల్లను ఏ లెక్కల కోర్సులో వేయాలన్న దాని గురించి) మీకు పనికొస్తుంది. స్కూలు తెరిచిన మొదటి నెలలోనే వాళ్ళు ఆ నిర్ణయాన్ని ఒకసారి తిరిగి చూడాలి, మీకు అభ్యంతరం చెప్పే దారీ చూపాలి. ఆ నెల దాటనివ్వకండి.