పాఠకుల ప్రశ్నలు: రేసు ఇంజన్‌లో బేరింగ్ క్లియరెన్స్

ప్రశ్న: ఆటోక్రాస్ రేసు కోసం పాత మారుతి ఎస్టీమ్ 1298 సీసీ ఇంజన్ కడుతున్నాం. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనూ తిప్పాలని ఉంది. క్రాంకు మెయిన్ జర్నల్ (బ్లాక్‌లో తిరిగే గుండ్రటి భాగం) 45 మి.మీ., రాడ్ పిన్ (కనెక్టింగ్ రాడ్ పట్టుకునే జర్నల్) 42 మి.మీ. బేరింగులు వేసి చేత్తో తిప్పితే ఫ్రీగా తిరిగితే చాలని మా మేస్త్రీ అంటారు. నిజమేనా?
— తిరుపతి పాఠకుడు

జవాబు: చాలదండీ. క్లియరెన్స్, అంటే జర్నల్‌కూ బేరింగ్‌కూ మధ్య ఆయిల్ నిండే ఖాళీ, 0.025 మి.మీ. ఉన్నా 0.080 ఉన్నా (కింది అంకెలూ మి.మీ.లలోనే) చేతికి ఒకేలా తిరుగుతుంది. మొదటిది 7,000 ఆర్‌పీఎం దగ్గర పట్టేసే ప్రమాదం ఉంది, రెండోది ఆయిల్ ప్రెషర్ పడగొడుతుంది. బేరింగ్ పక్కల నుంచి కారే ఆయిల్ క్లియరెన్స్ ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి 0.040ని 0.050 చేసినా కారేది దాదాపు రెట్టింపవుతుంది.

రోడ్డు కార్లకు చాలావరకు 0.020–0.050 మధ్య పెడతారు. రేసులో క్రాంకు వంగుతుంది, రాడ్ పెద్ద కన్ను (క్రాంకును పట్టే రంధ్రం) నిలువుగా సాగి పక్కల బిగుస్తుంది. అందుకే కాస్త ఎక్కువ కావాలి. పాత లెక్క, జర్నల్ అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 0.025 మి.మీ.), పైన అర థౌ. మీ పిన్‌కు అది 0.055 దగ్గరికొస్తుంది. 10డబ్ల్యూ-40 ఆయిల్‌తో రాడ్‌లకు 0.045–0.055 పెట్టండి. మీ బ్లాక్ అల్యూమినియం, వేడెక్కితే మెయిన్ హౌసింగ్ (బేరింగ్ కూర్చునే రంధ్రం) ఇంకా తెరుచుకుంటుంది. కాబట్టి మెయిన్లకు చల్లగా ఉన్నప్పుడు 0.040–0.050 చాలు. ఒక జర్నల్‌కూ ఇంకోదానికీ తేడా 0.010 దాటకూడదు.

కొలత ఇలా. షెల్ (బేరింగ్ సగం ముక్క) వెనకవైపు, హౌసింగ్ పొడిగా తుడవండి, అక్కడ ఆయిల్ చుక్క కూడా వద్దు. ఇంజన్‌లో వేయబోయే బోల్టులతోనే, ఫైనల్ టార్క్‌కే క్యాప్ (హౌసింగ్ విడిపోయే సగం) బిగించండి. స్టడ్లు మారిస్తే హౌసింగ్ ఆకారమే మారుతుంది, మళ్లీ కొలవాలి, గుండ్రం పోతే లైన్ హోనింగ్ (హౌసింగులన్నీ ఒకే వరసలో గుండ్రంగా సానపట్టడం) చేయించాలి. మైక్రోమీటర్‌తో జర్నల్ కొలిచి అదే సైజులో లాక్ చేసి, దాని దవడల మధ్యే లోపలి వ్యాసం కొలిచే బోర్ గేజ్‌ను సున్నా చేయండి. ఇక షెల్‌లో గేజ్ చూపేదే మీ క్లియరెన్స్. క్యాప్ అతుకుకు అడ్డంగా, అంటే నిలువుగా కొలవండి. అతుకు దగ్గర షెల్‌ను కావాలనే పలచగా చేస్తారు, అక్కడి అంకె నమ్మొద్దు. జర్నల్‌ను మాత్రం రెండు దిశల్లో, రెండు చివర్లా చూడండి.

మే నెల తిరుపతిలో ఇది ముఖ్యం: ఎండలో ఉన్న క్రాంకు, ఏసీ గదిలోని మైక్రోమీటర్ కలిపి కొలవొద్దు. 20 డిగ్రీల తేడాకే 45 మి.మీ. ఉక్కు 0.010 పెరుగుతుంది. అన్నీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి పొద్దున్నే కొలవండి.

క్లియరెన్స్ తక్కువొస్తే షెల్‌ను ఎమరీతో రుద్దొద్దు. పైపూత మందం 0.02 దరిదాపుల్లోనే ఉంటుంది, అది పోతుంది, ఎమరీ రేణువులు లోహంలో దిగిపోతాయి. క్యాప్ ఆకురాయితో అరగదీయడం ఇంకా ఘోరం, కన్ను గుండ్రం పోతుంది. ఒక థౌ అదనపు క్లియరెన్స్ ఇచ్చే రేసు షెల్స్ దొరుకుతాయి. అదే కంపెనీ మామూలు షెల్ ఒక సగం, అది ఒక సగం వేస్తే అర థౌ వస్తుంది.

గ్రైండింగ్ తప్పకపోతే ముందు షెల్స్ కొని, రాడ్‌లో బిగించి కొలిచి, కావలసిన పిన్ సైజు అంకెలో రాసివ్వండి. షాపువాళ్లకు "పాతిక (0.25 మి.మీ.) తీయండి" అని మాత్రం చెప్పొద్దు. జర్నల్ మూలల గుండ్రం అలాగే ఉంచమనండి. అది పదునుగా మారితే క్రాంకు అక్కడే విరుగుతుంది.

ప్రశ్న: ప్లాస్టిగేజ్‌తో సరిపెట్టుకోవచ్చా? మొదటి స్టార్ట్‌కు ఏం చేయాలి?
— చిత్తూరు పాఠకురాలు

జవాబు: ప్లాస్టిగేజ్, అంటే జర్నల్ మీద పెట్టి నలిగిన వెడల్పును బట్టి క్లియరెన్స్ చూసే మెత్తని తీగ, పెద్ద తప్పుల్ని పట్టిస్తుంది. ఓవాలిటీ (గుండ్రం తప్పడం) తేల్చదు కాబట్టి రేసు ఇంజన్‌కు చాలదు. స్టార్ట్‌కు ముందు ప్లగ్గులు తీసి, గేజ్‌లో ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా స్టార్టర్‌తో విడతలుగా తిప్పండి. వేడెక్కాక ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉండాలి. మొదటి సెషన్ అయ్యాక ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూడండి. బూడిదరంగు మెరుపు పలుకులో, రాగిరంగు తునకలో కనిపిస్తే ఇంజన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా సంప్ (కింది ఆయిల్ తొట్టి) దించండి.