వాటా పెరిగింది సరే, ఫోనుకి ఎంత మిగిలింది?

ప్రశ్న: గుంటూరులో బీబీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక మొబైల్ కంపెనీ సేల్స్ ట్రైనీ ఇంటర్వ్యూలో ‘ఫోన్ల వ్యాపారంలో లాభాల మార్జిన్ ముఖ్యమా, మార్కెట్ వాటా ముఖ్యమా? యాపిల్ దారి మంచిదా, షావోమీ దారి మంచిదా?’ అని అడిగారు. ‘రెండూ ముఖ్యమే’ అన్నాను. ఎంపిక కాలేదు. ఇలాంటి ప్రశ్నకు ఎలా జవాబివ్వాలి? ప్రైసింగ్, ప్రొడక్ట్ ఉద్యోగాల్లోకి వెళ్లాలంటే ఏం చదవాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ జవాబు తప్పు కాదు. అందులో లెక్క లేదు, అంతే. ఆ ప్రశ్న అడిగేవారు మీరు ఎవరి పక్షమో తెలుసుకోవాలనుకోరు. ఒక ఫోను అమ్మితే ఎవరి చేతికి ఎంత వెళ్తుందో మీకు తెలుసా లేదా అని చూస్తారు. కాబట్టి ముందు ఒక ఫోను తీసుకుని లెక్క వేద్దాం. కింది ఖర్చులు లెక్క కోసం ఊహించుకున్నవి, జీఎస్టీ రేటు మాత్రం అసలుదే.

షోరూంలో కస్టమర్ 12,000 రూపాయలు ఇచ్చాడు. అందులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది. 12,000ను 1.18తో భాగిస్తే 10,169. చాలామంది ఇక్కడే తప్పుతారు. 12,000లో 18 శాతం తీసేసి 9,840 అంటారు. ఇంటర్వ్యూలో ఈ ఒక్క తప్పు చాలు, తర్వాత చెప్పినవేవీ వాళ్ల చెవికెక్కవు. డిస్ట్రిబ్యూటర్‌కీ, దుకాణానికీ కలిపి 10 శాతం అనుకుంటే 1,017 పోతుంది. కంపెనీకి చేరేది 9,152. విడిభాగాలు, అసెంబ్లింగ్ 7,500, పేటెంట్ రాయల్టీలు 250, రవాణా, వారంటీ 300. ఇవి తీసేస్తే ఫోనుకి 1,102 మిగులుతుంది. ప్రకటనలు, షోరూముల్లో నిలబడే ప్రమోటర్ల జీతాలు, ఆఫీసు ఖర్చులు ఇందులోంచే రావాలి.

ఇప్పుడు వాటా పెంచుదామని ధర 500 తగ్గించారు. 11,500 మీద అదే లెక్క వేస్తే కంపెనీకి 8,771 వస్తుంది, మిగులు 721. మొత్తం మిగులు మునుపటిలాగే ఉండాలంటే 1,102ను 721తో భాగించండి: 1.53. అంటే 4 శాతం ధర తగ్గించినందుకు 53 శాతం ఎక్కువ ఫోన్లు అమ్మాలి. పోటీ కంపెనీ కూడా మర్నాడే 500 తగ్గిస్తే ఆ 53 శాతం రాదు. లాభం గూబల్లోకి రావడం అంటే ఇదే.

అక్కడితో అయిపోదు. ధర తగ్గించిన రోజున డీలర్ల దగ్గర పాత ధరకు కొన్న సరుకు ఉంటుంది. ఆ తేడాను కంపెనీయే భరించాలి. లేకపోతే వచ్చే మోడల్‌ను డీలరు ముట్టుకోడు. ట్రేడ్‌లో దీన్ని ప్రైస్ ప్రొటెక్షన్ అంటారు. మన ఉదాహరణలో ఫోనుకి 381 (9,152లోంచి 8,771 తీసేస్తే) చొప్పున, డీలర్ల దగ్గర 2 లక్షల ఫోన్లు ఉంటే 7.62 కోట్లు. ఫోనుకి 721 చొప్పున అది తిరిగి రావాలంటేనే లక్షా ఐదువేలకు పైగా ఫోన్లు అమ్మాలి.

మరైతే వాటా కోసం ఎందుకు అంత పాకులాట? ఒక మోడల్ డిజైన్‌కీ, అచ్చులకీ, టెస్టింగ్‌కీ 30 కోట్లు అయ్యాయనుకోండి. 5 లక్షల ఫోన్లు అమ్మితే ఒక్కో ఫోను మీద 600 పడుతుంది, 50 లక్షలు అమ్మితే 60. పైన మిగిలిన 1,102లోంచి 600 పోతే చిన్న బ్రాండ్‌కి ఊపిరాడదు. విడిభాగాల ధరలోనూ ఇదే తేడా. డిస్‌ప్లే, మెమరీ కొరత వచ్చినప్పుడు సరఫరాదారు ముందు పెద్ద ఆర్డరుకే ఇస్తాడు. ఫోన్లలో వాటాకు విలువ ప్రధానంగా ఇందుకే.

రెండో కారణం, ఫోను అమ్మిన తర్వాత వచ్చే డబ్బు. షావోమీ 2023 లెక్కలు చూడండి. 14.56 కోట్ల ఫోన్లు, 15,750 కోట్ల యువాన్ల అమ్మకం, స్థూల మార్జిన్ (అమ్మకంలోంచి తయారీ ఖర్చు పోగా మిగిలేది) 14.6 శాతం. ఫోనుకి దాదాపు 158 యువాన్లు. అదే సంవత్సరం ప్రకటనలు, యాప్‌లు, గేమ్‌ల వంటి ఇంటర్నెట్ సేవల ఆదాయం 3,010 కోట్ల యువాన్లే. కానీ అక్కడ మార్జిన్ 74.2 శాతం. గుణించి చూస్తే ఫోన్ల మీద సుమారు 2,300 కోట్లు, సేవల మీద సుమారు 2,230 కోట్లు. ఐదో వంతు అమ్మకంతో ఇంచుమించు అంతే స్థూల లాభం! హార్డ్‌వేర్ మీద నికర లాభం 5 శాతం దాటనివ్వబోమని 2018లో షావోమీ వ్యవస్థాపకుడు లేయ్ జున్ ప్రకటించడాన్ని దానగుణం అనుకోకండి. ఆ తక్కువ ధరే సేవలకు కస్టమర్లను తెచ్చిపెడుతుంది.

యాపిల్ వేరే లోకం అనుకుంటాం గానీ అక్కడా ఇదే జరుగుతోంది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఉత్పత్తుల మార్జిన్ 37.2 శాతం, సేవలది 73.9 శాతం. మొత్తం 39,100 కోట్ల డాలర్లలో సేవలు 9,620 కోట్లు, అంటే నాలుగో వంతు. స్థూల లాభంలో మాత్రం దాదాపు 39 శాతం. ఇంకో సంగతి: ‘యాపిల్‌కి మార్జిన్, మిగతావాళ్లకి వాటా’ అన్న మాట ఇప్పుడు పాతబడింది. మార్కెట్ పరిశోధన సంస్థ ఐడీసీ లెక్కల్లో 2023లో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువ ఫోన్లు పంపిన కంపెనీ యాపిలే, 20.1 శాతం. శామ్‌సంగ్‌ది 19.4. ఇంటర్వ్యూలో పాత మాట చెబితే దొరికిపోతారు.

రెండో ఆదాయం లేకుండా వాటా ఒక్కటే ఉంటే? 2014 చివరి త్రైమాసికంలో భారత స్మార్ట్‌ఫోన్లలో మన దేశపు బ్రాండ్ మైక్రోమ్యాక్స్ 22 శాతంతో శామ్‌సంగ్‌ని దాటిందని కెనాలిస్ అనే మరో పరిశోధన సంస్థ లెక్క కట్టింది (శామ్‌సంగ్ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి). 2017 మొదటికల్లా మొదటి ఐదు స్థానాల్లో ఆ పేరు లేదు. 4జీ వచ్చింది, చైనా కంపెనీలు సొంత డిజైన్‌తో, భారీ ప్రకటనలతో దిగాయి. ఇక్కడి బ్రాండ్లలో చాలావరకు చైనాలో తయారైన డిజైన్లే కొని పేరు వేసుకునేవి. అదే డిజైన్ పక్కవాడికీ దొరుకుతుంది కాబట్టి ధర తప్ప మరో ఆయుధం లేకపోయింది.

ట్యాబ్లెట్లలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెజాన్ 2011లో కిండిల్ ఫైర్‌ను 199 డాలర్లకు తెచ్చింది. పరికరాన్ని అసలు ధరకే అమ్ముతామనీ, వాడకం మీద సంపాదిస్తామనీ జెఫ్ బెజోస్ 2012లో బాహాటంగానే చెప్పాడు. పుస్తకాలు, వీడియోలు, షాపింగ్ అమెజాన్ చేతిలో ఉన్నాయి కదా. అదే 2011లో హెచ్‌పీ, టచ్‌ప్యాడ్ అనే ట్యాబ్లెట్‌ను జులైలో 499 డాలర్లకు తెచ్చి, ఆగస్టులోనే ఆపేసి, 99 డాలర్లకు వదిలించుకుంది. ఆ ధరకు జనం ఎగబడి కొన్నారు. కానీ వాళ్లకు తర్వాత అమ్మడానికి హెచ్‌పీ దగ్గర అలాంటి దుకాణం లేదు.

కాబట్టి మళ్లీ ఆ ప్రశ్న వస్తే, జవాబుకు ముందు మీరే మూడు అడగండి. వాటా అంటే ఫోన్ల సంఖ్యలోనా, రూపాయల విలువలోనా? కంపెనీ నుంచి డీలరుకు వెళ్లినవా, కస్టమర్ కొన్నవా? మార్జిన్ అంటే స్థూలమా, నికరమా? ఆ తర్వాత ‘రెండో ఆదాయం ఉన్న కంపెనీకి ఫోను మీద తక్కువ మార్జిన్ పెట్టుబడి లాంటిది, లేని కంపెనీకి నష్టానికి మొదటి మెట్టు’ అని చెప్పి, పైన వేసిన 500 రూపాయల లెక్క కాగితం మీద వేసి చూపండి.

చదువు సంగతి. విడిభాగాల ధరలు, తయారీ ఖర్చుల వైపు ఆసక్తి ఉంటే సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్) కోర్సు బాగా పనికొస్తుంది. డిగ్రీ పూర్తయినవారు నేరుగా ఇంటర్మీడియట్ స్థాయిలో చేరవచ్చు. శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ 2015లో షావోమీ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది, హైదరాబాద్ దగ్గర కొంగర కలాన్‌లోనూ ఆ సంస్థ ప్లాంటు ఉంది. ఇలా వేరే బ్రాండ్ల కోసం ఫోన్లు చేసిపెట్టే కాంట్రాక్టు తయారీలో మార్జిన్ మరీ పలచన. అదే పని చేసే భారతీయ కంపెనీ డిక్సన్ 2023–24లో సుమారు 17,700 కోట్ల ఆదాయం మీద సుమారు 375 కోట్ల లాభం చూపింది, 2 శాతం చిల్లర. అలాంటిచోట ఫోనుకి 5 రూపాయలు ఆదా చేసే, ఖర్చుల లెక్కలు చూసే ఉద్యోగికి విలువ ఉంటుంది.

ప్రొడక్ట్, కేటగిరీ మేనేజర్ ఉద్యోగాలకు ఎంబీఏ మేలు. క్యాట్‌కి డిగ్రీలో 50 శాతం మార్కులుండాలి (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45). ఐసెట్ ద్వారా వెళ్లేవారు సీటు ఒక్కటే చూడకుండా, ఆ కాలేజీ నుంచి ఎలక్ట్రానిక్స్, రిటైల్ కంపెనీల్లోకి ఏ హోదాలో తీసుకున్నారో కనుక్కోండి. అయితే ముందు రెండేళ్లు సేల్స్‌లో పనిచేసి ఎంబీఏకి వెళ్లడం ఈ రంగంలో ఎక్కువ లాభమని నా అభిప్రాయం. డీలర్ల స్కీములు ఏ క్లాసులోనూ సరిగా అర్థం కావు.

ఈలోగా ఒక వారం పని. షావోమీ, యాపిల్ వార్షిక నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. షావోమీ ఫోన్ల సంఖ్య, సగటు ధర, మార్జిన్ మూడూ ఇస్తుంది. యాపిల్ 2019 ఆర్థిక సంవత్సరం నుంచి ఫోన్ల సంఖ్య చెప్పడం మానేసింది, కానీ ఉత్పత్తుల, సేవల మార్జిన్ విడివిడిగా ఇస్తుంది. ఐదేళ్ల అంకెలు ఎక్సెల్‌లో వేసి, ధర 5 శాతం తగ్గిస్తే ఎన్ని ఎక్కువ అమ్మాలో పక్క గడిలో సూత్రం రాయండి: తగ్గింపు శాతాన్ని, మార్జిన్‌లోంచి తగ్గింపు తీసివేస్తే వచ్చేదానితో భాగించాలి. 37 శాతం మార్జిన్‌కి 16 శాతం వస్తుంది, 14.6కి 52. స్థూల మార్జిన్‌తో వేస్తాం కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, అది కూడా షీటులో రాసి పెట్టండి. ఆ షీటును రెజ్యూమేతో జతచేయండి.

సేల్స్ ఆఫర్ వస్తే, టార్గెట్ డీలరుకు బిల్లు వేసిన సంఖ్య మీదా, కస్టమర్ యాక్టివేట్ చేసిన సంఖ్య మీదా అని చేరకముందే అడగండి. మొదటిదైతే నెలాఖరులో డీలరు మీద సరుకు కుమ్మరించమంటారు. ఆ నెల మీకు ఇన్సెంటివ్ వస్తుంది. మరుసటి నెల మొదటి రెండు వారాలు ఆ డీలరు మీ ఫోను ఎత్తడు.