సంక్రాంతికి వచ్చిన అల్లుడు పర్యాటకుడేనా?

ప్రశ్న: ప్రపంచ పర్యాటకం కరోనాకు ముందున్న స్థాయికి చేరుకుంటోందని పత్రికల్లో చదివాను. ఈ లెక్కలు ఎవరు తీస్తారు? సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చే మా అల్లుడు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చే మా తమ్ముడు కూడా విదేశీ పర్యాటకుల కిందికే వస్తారా? దిండిలో నాలుగు గదులు కట్టి అద్దెకు ఇవ్వాలన్న ఆలోచన ఉండి అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ప్రపంచ లెక్కను ప్రకటించేది మాడ్రిడ్‌లోని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ. అది స్వయంగా ఎవరినీ లెక్కపెట్టదు. ఆయా దేశాలు సరిహద్దుల్లోనో హోటళ్లలోనో సేకరించిన అంకెలను ఒకే నిర్వచనం కిందికి తెచ్చి కూడుతుంది. ఆ లెక్కన 2019లో దాదాపు 146 కోట్లుగా ఉన్న అంతర్జాతీయ రాకలు 2020లో 40 కోట్ల స్థాయికి పడిపోయి, 2024లో సుమారు 140 కోట్లకు చేరాయి. ఇవి రాకలే గాని మనుషులు కారు. ఒకే వ్యక్తి ఏడాదిలో మూడు దేశాలు తిరిగితే మూడుసార్లు లెక్కకు వస్తాడు.

వెళ్లిన చోట కనీసం ఒక రాత్రి ఉండాలి, ఏడాదికి మించకూడదు, అక్కడి యజమాని దగ్గర కొలువు కోసం వెళ్లి ఉండకూడదు: పర్యాటకుడికి నిర్వచనం ఇదే. కనుక ఉద్యోగానికి కువైట్ వెళ్లిన మీ తమ్ముడు అక్కడ పర్యాటకుడు కాడు. మన దేశంలో లెక్క పాస్‌పోర్టును బట్టి నడుస్తుంది. మీ అల్లుడు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, గోదారి యాస ఎంత చక్కగా మాట్లాడినా, విదేశీ పర్యాటకుడే. భారత పాస్‌పోర్టుతోనే ఉంటే ఆ లెక్కలోకి రాడు. ప్రవాస భారతీయులను కూడా కలిపి 2014 నుంచి చూపుతున్న అంతర్జాతీయ పర్యాటకుల రాకల్లోకి, మీ తమ్ముడిలాగే, చేరతాడు. 2019లో మొదటి అంకె 1.09 కోట్లు, రెండోది 1.79 కోట్లు. పత్రికలో అంకె కనబడినప్పుడు అది ఈ రెండింటిలో ఏదో ముందు చూసుకోవాలి.

అయితే మీ నాలుగు గదులకు ఈ అంకెలేవీ పెద్దగా అక్కరకు రావు. సరిహద్దు లెక్క శంషాబాద్ విమానాశ్రయంలో ముద్ర పడగానే ముగుస్తుంది. ఆ ప్రయాణికుడు చించినాడ వంతెన దాటాడో లేదో దానికి తెలియదు. అంతర్వేది తీర్థానికి ఎంత జనం వచ్చినా, సాయంత్రానికి నర్సాపురం రేవు దాటి ఇళ్లకు వెళ్లిపోయేవారు ఈ నిర్వచనం ప్రకారం పర్యాటకులు కారు, మీకు గది అద్దె ఇచ్చేవారూ కారు. పక్కనే ఉన్న యానాంలో బస చేసినవారేమో పుదుచ్చేరి ఖాతాలోకి పోతారు. మీకు కావలసింది రాత్రుల లెక్క. దిండి చుట్టుపక్కల ఇప్పటికే గదులు నడుపుతున్నవారిని, సంక్రాంతి, కార్తికమాసం తీసేస్తే నెలకు ఎన్ని రాత్రులు గదులు నిండుతున్నాయో, ముఖ్యంగా గోదావరికి వరదలొచ్చే శ్రావణ భాద్రపదాల్లో పరిస్థితి ఏమిటో అడిగి, ఆ తరువాతే పునాది తీయించండి.

ప్రశ్న: ప్రపంచ ప్రయాణ, పర్యాటక మండలి అన్నది కూడా ఐక్యరాజ్యసమితి సంస్థేనా?
– ఒక విద్యార్థిని, భీమవరం

జవాబు: కాదు. అది 1990లో మొదలైన, ప్రైవేటు సంస్థల అధిపతులు సభ్యులుగా ఉన్న మండలి. రాకలకన్నా పర్యాటకం వల్ల వచ్చే ఆదాయం, ఉద్యోగాల మీద దాని దృష్టి ఎక్కువ. హోటలుకు కూరగాయలు అమ్మిన రైతు దగ్గర మొదలై, ఆ రంగంలోని ఉద్యోగులు తమ జీతాలతో చేసే ఖర్చు దాకా పరోక్ష ప్రభావాన్ని కూడా అది కలుపుతుంది గనుక ఆ అంకెలు భారీగా కనిపిస్తాయి. పరిశ్రమ తరఫున ప్రభుత్వాలతో మాట్లాడే మండలి కాబట్టి, ఆ అంకెలను వాడేటప్పుడు ప్రత్యక్ష వాటా ఎంతో విడిగా రాసుకోవడం మంచిది.