కోళ్ల ఆవరణ బురద కాకుండా ఉండాలంటే
మీరు ఆరు కోళ్లకు చిన్న చోట కంచె కట్టి గడ్డి నాటితే నెలలోనే నేలంతా బురదై కంపు కొడుతోందన్నారు. మళ్లీ గడ్డి నాటకండి. అంత ఇరుకులో కోళ్లు వేళ్లతో సహా గీకేస్తాయి. ముందు వాన నీరు బయటికి పోయేలా నేలను వాలుగా చదును చేయండి. ఇది చేయకపోతే పైన ఏది పోసినా వృథాయే. తర్వాత 10–15 సెంటీమీటర్ల మందాన ముతక చెక్క ముక్కలు పరవండి. నీరు కిందికి దిగిపోతుంది, కోళ్లు వాటిని కెలుకుతూ పురుగులు ఏరుకుంటాయి. ఎండుగడ్డి మాత్రం వద్దు. తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు పాపం వాటి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అప్పుడప్పుడు పిడికెడు ముక్కలు తీసి వాసన చూడండి. మట్టి వాసన వస్తే బాగున్నట్టే. ముక్కు మండితే పైపొర తీసి కొత్తవి వేయాలి. కంచె అడుగున సన్న కన్నుల ఇనుప జాలీని 30 సెంటీమీటర్ల లోతు పాతండి, తవ్వుకొచ్చే జంతువులు ఆగుతాయి.